దానము కాదు, ఋణము

న్యాయస్థానముల ద్వారములు ధనికునకును దరిద్రునకును సమానముగనే తెఱచియున్నవని చట్టము చెప్పుచున్నది. ఆ మాట యబద్ధము కాదు. కాని ద్వారము దాటి లోనికి పోయిన పిమ్మట మన పక్షమున మాటాడుటకు మనుష్యుడు వలయును. చట్టము చదువుట యొక విద్య. సాక్షిని ప్రశ్నించుట వేఱొక విద్య. ఏ కాగితము నెప్పుడు దాఖలు చేయవలెనో, ఏ వాయిదాను తప్పిన నేమగునో తెలిసియుండుట మఱియొక విద్య. ఈ విద్యలెఱింగినవాడు న్యాయవాది. అతనికి ఫీజు చెల్లింపగలవానికి న్యాయస్థానము న్యాయస్థానమే. చెల్లింపలేనివాని కది యొక పెద్ద కట్టడము మాత్రమే. కావున పేదవాని న్యాయవాదికి ప్రతిఫలమెవరు చెల్లింపవలెనను ప్రశ్న వకీళ్ళు తమ సంఘములలో తమలో తాము తేల్చుకొనదగిన యింటివ్యవహారము కాదు. అది పౌరులందఱిదియు నగు ప్రశ్న.

ఈ ప్రశ్నకు రెండు సమాధానములు వినబడుచున్నవి. ప్రభుత్వములో నున్నవారు, న్యాయవాదవృత్తి ఉదాత్తమైనదనియు, వకీళ్ళు తమ సంపాదనలో కొంత కాలమును పేదలకై ఉచితముగ వినియోగింపవలెననియు ఉపన్యసింతురు. న్యాయవాదులలో పలువురు, పేదలను కాపాడుట రాజ్యము యొక్క విధియనియు, వైద్యుడు గాని యుపాధ్యాయుడు గాని జీతము లేక పనిచేయవలెనని యెవరు నడుగరనియు, తమ నొక్కరినే యడుగుట యన్యాయమనియు బదులు చెప్పుదురు. రెండు వాదములందును సత్యాంశము గలదు. కాని చిత్రమేమనగా, వీరు చూపించు వ్రేలు వారివైపును, వారు చూపించు వ్రేలు వీరివైపును తిరిగియుండ, నడుమ బోనులో నిలిచిన పేదవానివైపు ఏ చేయియు సాగుట లేదు. ఒకరి కర్తవ్యము మఱియొకరికి సాకుగా మారుచున్నది. ఈ సాకులను రెంటిని తొలగించుట యవసరమని మా యభిప్రాయము.

మొదట ఋణమెవరిదో నిర్ణయించుకొందము. 1950లో నమలులోనికి వచ్చిన రాజ్యాంగము తన 22వ అధికరణమున, అరెస్టయిన ప్రతివానికిని తన కిష్టమైన న్యాయవాదిని సంప్రదించుటకును, అతనిచే తన పక్షమును వాదింపించుకొనుటకును హక్కు గలదని ప్రకటించెను. ఆ న్యాయవాదికి సొమ్మెవరిత్తురో మాత్రము చెప్పలేదు. ఆ మౌనమున కెంత వెల గలదో తెలుగువారికి త్వరలోనే తెలియవచ్చెను. తెలంగాణ రైతాంగపోరాట దినములలో నల్లగొండ ప్రాంతపు రైతులు పండ్రెండుగురకు 1949లో ప్రత్యేక ట్రిబ్యునలు ఉరిశిక్ష విధించెను. తమ పక్షమున వాదించుటకు తగిన న్యాయవాది లేకయే విచారణ జరిగెనని వారు మొఱపెట్టుకొనిరి. ఆ వ్యవహారము 1951లో సుప్రీంకోర్టునకు వచ్చినపుడు ఇంగ్లండునుండి డి.ఎన్. ప్రిట్ అను ప్రసిద్ధ న్యాయవాది వచ్చి వారి పక్షమున వాదించెను. అయినను, ఉరిశిక్ష పడదగిన కేసులో ముద్దాయికి న్యాయవాది లేకపోవుట యను నొక్క కారణముచేతనే విచారణ చెల్లనిదగునని సాధారణసూత్రముగ చెప్పజాలమని న్యాయస్థానము తీర్పుచెప్పెను. తుదకు వారి యురిశిక్షలు యావజ్జీవశిక్షలుగా మార్చబడినవి. వారి ప్రాణములు దక్కినవి. కాని చట్టము మాత్ర మా దినమున పేదవానికి న్యాయవాది నీయలేదు.

అక్కడనుండి చట్టము మెల్లమెల్లగ నడక నేర్చెను. 1976 నాటి 42వ సవరణచే రాజ్యాంగమున 39-ఏ అధికరణము చేరి, ఆర్థికలోపముచేత గాని మఱియే యశక్తతచేత గాని ఏ పౌరునకును న్యాయము దక్కకపోవుట జరుగరాదనియు, అందులకై ఉచిత న్యాయసహాయము నేర్పాటుచేయుట రాజ్యము యొక్క బాధ్యతయనియు చెప్పెను. 1978లో హోస్కాట్ కేసునందు, జైలులో నున్నవానికి అప్పీలు చేసికొనుటకు న్యాయవాది నిచ్చుట రాజ్యము విధియని సుప్రీంకోర్టు తేల్చెను. 1979లో హుస్సేనారా ఖాతూన్ కేసునందు, న్యాయవాది లేని విచారణ న్యాయమైన విచారణ కాదనియు, ఉచిత న్యాయసహాయము జీవించుహక్కులోని భాగమేయనియు నిర్ణయించెను. భాగల్పూరు ఖైదీల కన్నులు పొడిచిన ఘోరముపై వచ్చిన ఖత్రీ కేసునందు 1980లో న్యాయస్థానము మఱి రెండడుగులు ముందుకు వేసెను. మొదటిది, ఖజానాలో సొమ్ము లేదను మాటను రాజ్యము చెప్పరాదు. రెండవది, ముద్దాయిని మొదటిసారి మేజిస్ట్రేటు నెదుట నిలిపినప్పటినుండియే యీ హక్కు పుట్టును. ఆ హక్కు గలదని మేజిస్ట్రేటు ముద్దాయికి తెలియజెప్పవలెను. 1986లో సుఖ్‌దాస్ కేసునందు, అడుగలేదు గనుక ఈయలేదను సాకును గూడ న్యాయస్థానము త్రోసివేసి, న్యాయవాది లేక జరిగిన విచారణనుండి పుట్టిన శిక్షను రద్దుచేసెను. హక్కు గలదనియే తెలియని నిరక్షరాస్యుడు దాని నెట్లడుగును?

కావున ఋణమెవరిదను ప్రశ్నకు సందేహము లేదు. ఈ ఋణము రాజ్యముది. న్యాయసేవాధికార సంస్థల చట్టమును పార్లమెంటు 1987లోనే చేసినను, అది యమలులోనికి వచ్చినది 1995వ సంవత్సరము నవంబరు 9వ తేదీన. చట్టము పుట్టినపిదప ఎనిమిదేండ్లు కాగితముపై నిదురించెను. అయ్యవారు వచ్చువఱకు అమావాస్య ఆగదు. చట్టము మేల్కొనువఱకు జైళ్ళును ఖాళీగా నుండలేదు. ఇప్పుడా చట్టము క్రింద షెడ్యూల్డు కులములవారు, తెగలవారు, స్త్రీలు, పిల్లలు, వికలాంగులు, కార్మికులు, ప్రకృతివైపరీత్యములచే దెబ్బతిన్నవారు, నిర్బంధములో నున్నవారు, నిర్ణీతమైన యాదాయమునకు లోబడినవారు ఉచిత న్యాయసహాయమునకు హక్కుదార్లు. స్త్రీకిని, షెడ్యూల్డు కులములవారికిని, నిర్బంధములోని వానికిని ఆదాయపు లెక్కతో నిమిత్తము లేదు. ప్రతి జిల్లాకు నొక న్యాయసేవాధికార సంస్థ యున్నది. చట్టములో లోటు లేదు.

లోటు సంచిలో నున్నది. ఇండియా జస్టిస్ రిపోర్టు 2025 ప్రకారము న్యాయసహాయమునకై దేశములో తలకు సంవత్సరమునకు వ్యయమగుచున్నది ఆరు రూపాయల చిల్లర. పోలీసుశాఖకు తలకు వ్యయమగుచున్నది వేయి రూపాయలకు పైమాట. ముద్దాయిని పట్టి తెచ్చుటకును, అతడు తన మాట తాను చెప్పుకొనుటకును మనమిచ్చుచున్న విలువల తారతమ్య మిది. 2022 సంవత్సరాంతమున మన జైళ్ళలో నున్నవారు 5,73,220 మంది. అందులో 4,34,302 మంది నేరము ఋజువుకాని విచారణఖైదీలు. అనగా నూటికి డెబ్బదియైదుగురకు మించినవారు. వీరందఱును న్యాయవాది లేనివారని మేమనము. కాని జామీను మంజూరయియు పూచీ నిచ్చువారు లేకయో, ఉత్తరువును మార్పించు వకీలు లేకయో లోపలనే యుండిపోయినవా రీ లెక్కలో గలరని యెల్లర మెఱుంగుదుము. చురుకైన న్యాయవాది యొకడు ఒక పూట శ్రమపడిన, వారు తమ ఇండ్లకు పోగలరు.

ఇక న్యాయవాదుల మాట వినుట ధర్మము. వారి ఫిర్యాదులను తేలికగ త్రోసిపుచ్చువా రీ వృత్తి స్థితిగతు లెఱుంగనివారు. న్యాయవాదు లనగానే మహానగరములలో నొక్కొక్క వాయిదాకు లక్షలు పుచ్చుకొను నలుగురైదుగురు మన కన్నులయెదుట నిలుతురు. కాని జిల్లాకోర్టులలో, మునసబుకోర్టులలో నల్లకోటు తొడిగినవారి సంగతి వేఱు. పట్టా పుచ్చుకొని, నమోదురుసుము చెల్లించి, ఒక సీనియరు నాశ్రయించి, ఫైళ్ళు మోయుచు, ఏండ్లతరబడి యింటి సొమ్ముతో కాలము గడపు యువకులు వేలకొలది యున్నారు. ఈ దుస్థితిని గుర్తించియే 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము క్రొత్త న్యాయవాదులకు మొదటి మూడేండ్లు నెలకు ఐదువేల రూపాయల భృతి నిచ్చు పథకము నారంభించెను. 2024లో భారత న్యాయవాదుల మండలి, జూనియర్లకు పట్టణములలో నెలకు ఇరువదివేలు, గ్రామప్రాంతములలో పదునైదువేలు కనీసభృతి నీయవలెనని సీనియర్లకు సిఫారసు చేసెను. సిఫారసు చేయవలసి వచ్చినదనిననే వాస్తవస్థితి యెట్టిదో తెలియుచున్నది. తన యింటి యద్దె కట్టుకొనలేనివానిని పట్టుకొని, పేదల కుచితముగ సేవచేయుమని ధర్మపన్నములు చెప్పుట యుచితము కాదు.

న్యాయసేవాసంస్థల జాబితాలో చేరిన న్యాయవాదికి కేసునకింతయని గౌరవవేతన మిత్తురు. ఆ మొత్తము స్వల్పము. స్వల్పమగుటకంటె, అది చేతికందుట కాలయాపనమగుట యెక్కువ బాధాకరమని వారి ఫిర్యాదు. పని ముగిసినదని ధ్రువపత్రము, దానిపై సంతకము, బిల్లు, మంజూరు, నిధుల రాక యను మెట్లన్నియు నెక్కిన తరువాత గాని సొమ్ము రాదు. ముద్దాయికి వ్యతిరేకముగ వాదించుటకు ప్రభుత్వము పబ్లిక్ ప్రాసిక్యూటరును నియమించి జీతమిచ్చుచున్నది. అతని వెనుక దర్యాప్తు చేయు పోలీసులు గలరు. రక్తపు మరకలను, వ్రేలిముద్రలను పరీక్షించు ప్రయోగశాలలు గలవు. ముద్దాయిపక్షపు న్యాయవాది వెనుక నెవరును లేరు. సాక్షి యూరికి పోయివచ్చుటకు బస్సుఛార్జి సైతము తన జేబునుండియే యియ్యవలెను. ఒకే రాజ్యము రెండు పక్షముల వకీళ్ళకును సొమ్ము చెల్లించుచు, ఒక చేతితో కుంచము, మఱియొక చేతితో సోలయు పట్టి కొలుచుట సమానన్యాయ మెట్లగును?

ఇంతవఱకు న్యాయవాదుల వాదము బలమైనది. దీని కెవరును కాదనరు. కాని యింతటితో వారి కర్తవ్యము తీరినదనుట కొప్పుకొనజాలము. భారత న్యాయవాదుల మండలి నిబంధనలలో 46వది యొకటి గలదు. తగినంత ఫీజు నిచ్చుకొనలేకపోయినను, నిజముగ నవసరమున్న ప్రతివాడును న్యాయవాది సహాయమున కర్హుడనియు, న్యాయవాది తన యార్థికస్థితి యనుమతించినంతమేరకు నిరుపేదలకును పీడితులకును ఉచితముగ తోడ్పడుట సంఘమునకు తానొనర్పవలసిన పరమోన్నత విధులలో నొకటియనియు దాని సారాంశము. ఈ నిబంధనను ప్రభుత్వము వారిపై రుద్దలేదు. వారి మండలియే తన వృత్తికి విధించుకొన్నది. "ఆర్థికస్థితి యనుమతించినంతమేరకు" అను మాటను గమనింపుడు. ఆ మాట జూనియరును కాపాడుచున్నది. సీనియరును మాత్రము పట్టుకొనుచున్నది.

కాని జరుగుచున్నది తలక్రిందులు. బరువు మోయగలవారు ప్రక్కకు తప్పుకొనుచుండ, మోయలేనివారి భుజములపై నది పడుచున్నది. పేదవాని కేసు క్రొత్తగా వచ్చినవాడు చేయి తిప్పుకొనుటకు పనికివచ్చు సాధనమను భావము మన బార్లలో నెంత పాతుకొనిపోయినదో చెప్పనక్కఱలేదు. పండ్లు పీకుట నేర్చుకొనువాడు బీదవాని నోటిలోనే నేర్చుకొనవలెనా? 1968లో బషీరా కేసునందు హత్యానేరము మోపబడినవానికి విచారణ మొదలైన నాడే న్యాయవాదిని నియమించిరి, ఉరిశిక్ష పడెను, సుప్రీంకోర్టు దానిని కొట్టివేసి మరల విచారింపుమనెను. సరిగా ఏబదియొక్క యేండ్లకు, 2019లో, అనోఖీలాల్ కేసునందు నదే కథ మరల సుప్రీంకోర్టునకు వచ్చెను. నియమించిన దినముననే అభియోగములు చదివిరి. పక్షము దినములలో విచారణ ముగించి ఉరిశిక్ష విధించిరి. అప్పుడు న్యాయస్థానము, ఉరిశిక్ష గాని యావజ్జీవశిక్ష గాని పడదగిన కేసులలో పదియేండ్ల యనుభవము గలవారినే నియమింపవలెననియు, సిద్ధపడుటకు కనీసము ఏడుదినములు గడువీయవలెననియు నాదేశించెను. ఏడుదినముల గడువు కొఱకు దేశములోని యత్యున్నత న్యాయస్థానము చెప్పవలసివచ్చెను. ఒక చిన్న స్థలముతగాదాలో ధనికుడైన కక్షిదారుడు తన వకీలుతో నెన్ని సాయంకాలములు కూర్చుండునో యెఱింగినవారికి ఈ యేడు దినముల విలువ చెప్పనక్కఱలేదు.

ఇట్టి స్థితికి మూలము "దానము" అను నొక్క మాటలో నున్నదని మా నమ్మకము. దానమిచ్చిన గోవునకు పండ్లెంచరాదని మన పెద్దలనిరి. ఉచితముగ వచ్చిన వకీలును పేదవాడు ప్రశ్నింపరాదు. జైలునకు వచ్చి నన్నేల చూడలేదని యడుగరాదు. నా కాగితములు చదివితివా యని పృచ్ఛింపరాదు. వచ్చినదే పదివేలనుకొని చేతులు జోడించి నిలువవలెను. ప్రభుత్వమును దానముగ నిచ్చితిమనుకొనును. న్యాయవాదియు దానముగ చేసితిననుకొనును. పుచ్చుకొన్నవాడును దానమనియే తలవంచును. కాని యిది దానమైనపుడు గదా పండ్లెంచరానిది! ఇది రాజ్యాంగము వ్రాసియిచ్చిన ఋణపత్రము. ఋణము తీర్చువాడు చెల్లని నాణెము లిచ్చిన, పుచ్చుకొనువాడు వానిని త్రిప్పియిచ్చుటకు సంపూర్ణముగ హక్కుగలవాడు. పండ్లెంచు హక్కును పేదవాని కిచ్చిననాడే న్యాయసహాయము సహాయమనిపించుకొనును.

ఇంగ్లండు చరిత్రలో మనము నేర్చుకొనదగిన దొకటి గలదు. మన న్యాయపద్ధతి చాలవఱకు వారినుండి వచ్చినదే. అచ్చట గూడ చిరకాలము పేదల వ్యాజ్యములు వకీళ్ళ దయపైననే నడచినవి. ఆ దయ చాలలేదు. 1945లో రష్‌క్లిఫ్ కమిటీ విచారించి సిఫారసులు చేయగా, 1949లో న్యాయసహాయచట్టము చేసి రాజ్యమే వకీళ్ళకు ప్రతిఫల మిచ్చుటకు పూనుకొన్నది. తరువాత కాలమున ఖర్చు పెరుగుచున్నదని కోతలు మొదలిడి, 2012లో మఱియొక చట్టముచే కుటుంబవ్యవహారములు మున్నగు పెక్కింటిని ఆ సహాయమునుండి తొలగించిరి. తుదకు 2022లో క్రిమినలు కోర్టులలో వాదించు బారిస్టర్లే గౌనులు ధరించి న్యాయస్థానముల వెలుపల నిలిచి సమ్మె చేసిరి. ఫీజులను నూటికి పదునైదు చొప్పున పెంచుటకు ప్రభుత్వ మొప్పుకొన్న పిదప పనిలోనికి తిరిగివచ్చిరి. దయ యొక్కటియే చాలదనియు, రాజ్యము పూనుకొన్నను సంచి బిగించిన నా పూనిక కూలిపోవుననియు ఈ కథ రెండు పాఠములు చెప్పుచున్నది.

రాజ్యమే సొమ్మిచ్చునెడల ఇక న్యాయవాదుల ఉచితసేవకు చోటెక్కడ యని కొంద ఱడుగవచ్చును. చోటున్నది, అది యుత్తమమైన చోటు. రాజ్యమే ప్రతికక్షియైన వ్యవహారములు గలవు. పోలీసుల హింస, అక్రమనిర్బంధము, భూములు కోల్పోయిన గిరిజనుల గోడు, అధికారులకు రుచింపని మాట పలికినవాని స్వేచ్ఛ మున్నగునవి. వానిలో రాజ్యమిచ్చు కూలితో రాజ్యముపై పోరాడుమనుట యన్నివేళల సాగదు. అచ్చట స్వతంత్రుడైన న్యాయవాది తన సొంత ధైర్యముతో నిలువవలెను. 1908-09 సంవత్సరములలో అలీపూరు కేసునందు చిత్తరంజనదాసు నెలలతరబడి తక్కిన యాదాయమును విడిచి అరవిందుని పక్షమున నిలిచి విడుదల చేయించెను. 1945లో ఎఱ్ఱకోటలో ఆజాద్ హింద్ సైనికుల పక్షమున వృద్ధుడు, వ్యాధిగ్రస్తుడు నైన భూలాభాయి దేశాయి వాదించెను. స్వాతంత్ర్యము వచ్చిన పిదప 1979లో, బీహారు జైళ్ళలో శిక్షాకాలమునకు మించి మ్రగ్గుచున్న విచారణఖైదీలను గూర్చి యొక పత్రికలో వెలువడిన వ్యాసములను చదివి కపిలా హింగోరాణి యను న్యాయవాదిని సుప్రీంకోర్టునకు పోయెను. అదియే హుస్సేనారా ఖాతూన్ కేసు. పత్రికలో వ్రాసినవారును, చదివి కదలినవారును కలసినపుడు జైలుతలుపులు తెఱచుకొన్నవి. ఎవరును ఆమెకు బిల్లు చెల్లింపలేదు. చెల్లించుటకు చట్టమింకను పుట్టనేలేదు.

గాంధీమహాత్ముని యుదాహరణము మఱియు బోధకము. 1909లో రచించిన హింద్ స్వరాజ్ గ్రంథమున వకీళ్ళవృత్తిని తీవ్రముగ నిరసించిన ఆయనయే 1894లో నేటాలునందు తన కార్యాలయమునకు నోరు పగిలి, రక్తము కాఱుచు వచ్చిన బాలసుందరమను తమిళ కూలివానిని చేరదీసి, కొట్టిన యజమానుని చేతినుండి విడిపించెను. ఆ తోటలలో తెలుగు కూలీలును వేలకొలది యుండిరి. నేటాలులో ప్రజాసేవ చేయుమని భారతీయ వ్యాపారులు కోరినపుడు, ఆ సేవకు జీతము పుచ్చుకొననని చెప్పి, తమ వ్యాజ్యములను తనకిమ్మని మాత్రమే ఆయన కోరెను. ఆ ఫీజులతో ఇల్లు గడిపికొనుచు పేదల పని యుచితముగ చేసెను. సీనియర్లయిన న్యాయవాదులు గ్రహింపదగినది ఇందున్నది. మన టంగుటూరి ప్రకాశముగారు 1921లో మద్రాసునందలి గొప్ప ప్రాక్టీసును పూర్తిగ విడిచిపెట్టినట్లు విడువుమని నేడెవరును మిమ్ము కోరుట లేదు. మీ ప్రాక్టీసును మీరుంచుకొనుడు. అందులో పేదవానికొక భాగము నుంచుడని మాత్రమే యడుగుచున్నాము.

2022లో జాతీయ న్యాయసేవాధికార సంస్థ యొక క్రొత్తమార్గము త్రొక్కినది. క్రిమినలు కేసులలో పేదముద్దాయిలపక్షమున వాదించుటకు జిల్లాలలో పూర్తికాలపు న్యాయవాదులను నెలజీతముపై నియమించు పద్ధతియది. వారు సొంతప్రాక్టీసు చేయరాదు. దీనివలన జాబితాలోని తమ కేసులు తగ్గునని కొందఱు న్యాయవాదులు చింతించుచున్నారు. ఆ చింత సహజమే గాని, ముద్దాయి క్షేమమే యిందు ప్రధానముగ చూడదగినది. జీతము క్రమముగ వచ్చుచు, చేతిలో కేసులు పరిమితముగ నుండి, జైలునకు పోయి కక్షిదారుని చూచు తీరిక గలిగిన న్యాయవాది ఈ పద్ధతిలో లభించునేని ఇది స్వాగతింపదగినదే. ఒకనిపై నూఱుకేసులు పేర్చి, ఒప్పందపు గడువు ముగియునను భయముతో నుంచి, పేరుకు మాత్రము పద్ధతి మార్చిన, పాత సారాయి క్రొత్త కుండలో పోసినట్లగును. 2017లో కేంద్రన్యాయశాఖ ప్రారంభించిన న్యాయబంధు పథకము క్రింద ఉచితసేవ చేయగోరు న్యాయవాదులు పేర్లు నమోదు చేయించుకొనవచ్చును. మంచిదే. కాని పేరు నమోదు చేయించుకొనుట వేఱు. జైలుగేటుకడ పేరు వ్రాయించుకొని లోపలికి పోవుట వేఱు.

మేము కోరునవి గొప్పగొప్ప సంస్కరణములు కావు. న్యాయసహాయపు న్యాయవాది ప్రతిఫలమును అదే కోర్టులోని ప్రాసిక్యూటరు ప్రతిఫలముతో పోల్చి నిర్ణయింపవలెను. పని ముగిసిన పిదప నిర్ణీతమైన గడువులో నది చేతి కందవలెను. జాప్యమునకు అధికారి సంజాయిషీ చెప్పవలెను. అనోఖీలాల్ తీర్పులోని పదియేండ్ల నియమమును, ఏడుదినముల గడువును, ఉరిశిక్ష కేసులలోనే కాక, ఏండ్లతరబడి ఖైదు పడదగిన కేసులన్నిటిలోను శక్తికొలది పాటింపవలెను. బార్ అసోసియేషన్లు ప్రతిసంవత్సరము తమ సీనియర్లలో నెవరెవరు ఎన్ని పేదకేసులు స్వయముగ వాదించిరో నోటీసుబోర్డుపై ప్రకటింపవలెను. స్వయముగ వాదించుటయనగా జూనియరును పంపుట కాదు. తన కేసు ఏ దశలో నున్నదో తెలుగులో వ్రాసియిచ్చిన కాగిత మొకటి పేదకక్షిదారుని చేతిలో నుండవలెను. న్యాయసేవాసంస్థ నియమించిన వకీలు కక్షిదారునినుండి ఫీజు పుచ్చుకొనరాదను నిబంధన యిప్పటికే యున్నది. దానిని మీఱినవారిని బార్ అసోసియేషను తానుగా బయటపెట్టవలెను. కడుపునిండని జూనియరు నిట్టి తప్పునకు పురికొల్పునది ఆలస్యమైన బిల్లేయని మఱువరాదు; కావుననే మొదటి కోరికను మొదట నుంచితిమి.

ఇక పఠనాలయములలో నీ పత్రిక చదువు మహాశయులకు గూడ కొంత పని గలదు. జిల్లా న్యాయసేవాధికార సంస్థ మీ జిల్లాకోర్టు ఆవరణముననే యుండును. 15100 అను సంఖ్యకు ఫోను చేసిన న్యాయసహాయమును గూర్చి సమాచార మిత్తురు. ఈ సంగతి తెలియవలసినది చదువురాని వానికి. తెలిసియున్నది చదివిన మనకు. 2024లో సుహాస్ చక్మా కేసునందు సుప్రీంకోర్టు, పోలీసుస్టేషనులలోను, ప్రజలు గుమిగూడు బస్‌స్టాండులు, రైల్వేస్టేషనులు మున్నగు తావులలోను న్యాయసహాయమును గూర్చి బోర్డులు పెట్టవలెనని చెప్పెను. మీ యూరి పోలీసుస్టేషనులో నట్టి బోర్డున్నదా? ఉన్న అది తెలుగులో నున్నదా? వెలుతురు పడుచోట నున్నదా? పోయి చూచుట కే చట్టవిద్యయు నక్కఱలేదు. మీ పఠనాలయపు గోడకు నొక కాగిత మంటించుటకు నెవరి యనుమతియు నక్కఱలేదు. పరుని యిల్లు కూల్చుచుండగా పంచాయతీకి పోలేని పొరుగువాని పక్షమున పూర్వము నలుగురు పెద్దలు లేచి నడచెడివారు. నేడు పంచాయతి కోర్టయినది. నడచు ధర్మము మాత్రము మారలేదు.

స్వరాజ్యము వచ్చినదని మనము పండుగ చేసికొందుము. ఆ స్వరాజ్యము ముద్దాయిబోనులో నిలిచిన యనాథునివఱకు వచ్చినదా యని యొకమాటు లోనికి చూడవలెను. అతని తరఫున లేచి నిలిచిన న్యాయవాది కాగితములు చదివి వచ్చినవాడైన, వచ్చినది. ఉదయమే నియమింపబడి, ముద్దాయి పేరైన తెలియక లేచినవాడైన, ఇంకను రాలేదు. ఆ న్యాయవాదిని చదివి రాగలవానినిగా చేయుట ప్రభుత్వము వంతు. చదివి వచ్చుట న్యాయవాది వంతు. ఎవరి వంతు ఋణమును వారు తీర్చుకొనవలెను. ఒకరు తీర్చలేదని యింకొకరు ఎగవేయుట అప్పులవాళ్ళ నీతి. రాజ్యమునకును తగదు, ఉదాత్తమని చెప్పుకొను వృత్తికిని తగదు.